బట్టల అంగడి పైన మా ఆఫీసు

పోయిన వారం మా అమ్మాయి స్కూలు యూనిఫాం గుడ్డ కోసం పులివెందులలో ఒక బట్టల అంగడికి వెళ్లాను. అంగడతను అరలోంచి నీలిరంగు తాను ఒకటి లాగి, బల్ల మీద దబ్బున వేసి, రెండు చేతులతో దులిపి పరిచాడు. గంజి వాసన, దాని వెనకే కొత్త నూలు వాసన గుప్పున ముక్కుకు తగిలాయి. ఎన్ని మీటర్లు కావాలని అతను అడుగుతూనే ఉన్నాడు. నేను అప్పటికే ప్రొద్దుటూరులో ఇరుకు మెట్లెక్కుతున్నాను. "అమ్మా, అడుగుతాండాడు చూడు" అని మా అమ్మాయి చెయ్యి పట్టి లాగితే గానీ తిరిగి రాలేకపోయాను.

ప్రొద్దుటూరు మెయిన్ బజారు పక్క సందులో, హోల్‌సేల్ బట్టల అంగడి పైన ఉండేది మా పత్రిక ఆఫీసు. పైనుంచి ఒకరు దిగుతుంటే కిందివాళ్లు ఆగి దారి ఇవ్వాల్సినంత ఇరుకు మెట్లు. కింద బేళ్లు విప్పినప్పుడల్లా ఆ గంజి వాసన మాకంటే ముందే మెట్లెక్కి వచ్చేది. పైన ఉన్నది ఒకటే గది. నాలుగు టేబుళ్లు, రెండు పాత కంప్యూటర్లు, గోడవారగా ఒక చెక్క బెంచీ, కిటికీ దగ్గర ఒక మట్టి కూజా. వానొస్తే ఒక మూల కారేది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఫ్యాను గాలి కూడా కాగి వచ్చేది. ఏ సౌకర్యమూ లేని ఆ గదిలో నా వయసులో మంచి కాలమంతా గడిచింది. ఆ గదికి పెద్ద గఫూర్ సారు. ఆయన మా ఆఫీసు ఇన్‌చార్జి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా వేసుకునేవారు. ఎవరైనా తమ కష్టం చెప్పడం మొదలుపెడితే కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి వినేవారు. అద్దాలు లేకపోతే ఆయనకు ఎదుటి మనిషి సరిగా కనపడడు. మరి ఎందుకు తీస్తారని ఒకసారి అడిగాను. "అవి పెట్టుకుంటే కండ్లు కంప్యూటర్ మీదికి పోతాయమ్మా" అన్నారు.

మాది జమ్మలమడుగు. మా తాత కాలం నుంచి మిషన్ బడుల్లో టీచర్ల కుటుంబం. డిగ్రీ అయ్యాక నేను పత్రికలో చేరతానంటే మా నాన్న వద్దనలేదు గానీ, మొదటిరోజు నాతో పాటు బస్సెక్కి వచ్చారు. గఫూర్ సారు ఆయనను బెంచీ మీద కూర్చోబెట్టి నా వైపు తిరిగారు.

"పేరేందమ్మా?"

"సువార్త సార్."

"అయితే సగం పని మీ నాయన పేరు పెట్టినప్పుడే చేసిపెట్టినాడు. ఇంగ సగమే మనం చేయాల్సింది" అన్నారు. మా నాన్న నవ్వును పెదాల దగ్గరే ఆపుకోవడం చూశాను.

గదిలో రెండు టేబుళ్లు ఖాళీగా ఉన్నాయి. ఒకటి లోపలి మూలన, బీరువా చాటున ఉంది. ఇంకొకటి సరిగ్గా మెట్లకు ఎదురుగా ఉంది. నేను మూల టేబుల్ దగ్గరికి నడిచాను. ఆ ఆఫీసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి ఆ చాటు నాకు మేలనిపించింది. గఫూర్ సారు నా సంచి అందుకుని మెట్లకు ఎదురుగా ఉన్న టేబుల్ మీద పెట్టారు.

"ఆ మూలన కూసుంటే నువ్వు ఈడ ఉండావని ఎవురికి తెలుస్తాది? మెట్లెక్కి వచ్చే మనిషి మొదట నీ మొగం చూడాల. ఆడోళ్లు శానా మంది సగం మెట్ల దాకా వచ్చి, లోపల అందరూ మగోళ్లే అని తిరిగి పోతాండారు. నేను కండ్లారా చూసినా" అన్నారు.

సాయంత్రం బస్సులో మా నాన్న చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. జమ్మలమడుగు దగ్గర పడ్డాక, "రేపటి నుంచి నువ్వే పోయి రా" అన్నారు. నాకు అది చాలు.

ఆ టేబుల్ నన్ను మార్చిందంటే నమ్మడం కష్టమే కావచ్చు. జమ్మలమడుగులో నేను టీచరు గారి అమ్మాయిని. చర్చిలో ఆదివారం బడికి పాటలు నేర్పే పిల్లను. ఆ మెట్లెక్కి ఆ కుర్చీలో కూర్చున్న క్షణం నుంచి సాయంత్రం దిగేదాకా మాత్రం నేను విలేకరిని. నాకు ఆ సంగతి ఎవరూ చెప్పనవసరం లేదు. మెట్ల మీద ఆయాసంతో ఆగి, తలెత్తి నన్ను చూసి, "నీతో ఒక మాట చెప్పాలమ్మా" అనే మనిషి కళ్లలోనే అది కనపడేది. వంటగ్యాసు రాలేదనే వాళ్లు, పొలానికి దారి మూసేశారనే వాళ్లు, పింఛను ఆగిపోయిన ముసలివాళ్లు, కొడుకు మీద కోపంతో వచ్చి చివరికి కొడుకు పేరు రాయొద్దని బతిమాలే తండ్రులు ఆ మెట్లెక్కి వచ్చేవారు. వాళ్లు చెప్పినవాటిలో వార్త అయ్యేవి కొన్నే. కానీ ఊరు ఎలా ఊపిరి పీలుస్తోందో మాకు ముందుగా తెలిసింది ఆ బెంచీ దగ్గరే.

గఫూర్ సారు పెట్టిన పద్ధతి ఒకటి ఉండేది. కడప ఎడిషన్‌కు పంపేముందు ఎవరు రాసింది వాళ్లు గదిలో అందరికీ వినపడేలా చదవాలి. మా ఆఫీసులో క్రైమ్ వార్తలు చూసే శివశంకర్ నాకంటే పెద్దవాడు, వెటకారం ఎక్కువ. అతని ముందు చదవాలంటే నాకు చెమటలు పట్టేవి. ఒకసారి తాగునీళ్ల గురించి రాసి, "గ్రామ ప్రజలు తీవ్ర ఆగ్రహంతో ఉన్నారు" అని చదివాను. గఫూర్ సారు చెయ్యి ఎత్తి ఆపారు.

"నువ్వు మాట్లాడింది ఎంతమందితో?"

"ఇద్దరితో సార్."

"వాళ్ల పేర్లు తెలుసునా?"

"తెలుసు సార్."

"అయితే ఆ ఇద్దరి పేర్లు రాయి. వాళ్ల కోపం చాలు మనకు. ఊరందరి కోపం నీకు ఎవురిచ్చినారు?"

శివశంకర్ పగలబడి నవ్వాడు. మరుసటి రోజు అతను చదువుతుంటే నేను నవ్వాను. అలా నవ్వుకుంటూ, ఒకరి ఫోన్ మాటలు ఒకరు వింటూ, "ఆ ఎస్సైని అట్లా కాదు, ఇట్లా అడుగు" అని పక్కనుంచి అందిస్తూ నేర్చుకున్నాం. ఎవరైనా అబద్ధం రాస్తే ఆ గది పట్టేసేది. గొంతులో అబద్ధం వేరుగా వినపడుతుంది. కాగితం మీద కనపడదు.

ఆ రోజుల్లోనే ఓబులమ్మ వచ్చింది. పెద్దముడియం వైపు ఒక ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన కూలి మనిషి. కూతురు లక్ష్మీదేవి ఒక ఇంట్లో పనికి కువైట్ వెళ్లింది. మొదట్లో ఫోన్లు చేసేది. తర్వాత చేయలేదు. పంపించిన ఏజెంటు ప్రొద్దుటూరులో ఉంటాడు. ఎన్నిసార్లు వచ్చినా అతని అంగడి మూసి ఉండడం, ఫోన్ ఎత్తకపోవడం. ఆ రోజు కూడా అలాగే తిరిగి పోతుంటే ఎవరో మా మెట్లు చూపించారట. నన్ను చూసి లోపలికి వచ్చింది. కూజాలోంచి నీళ్లు ముంచి ఇచ్చాను. తాగి, బెంచీ అంచున కూర్చుంది. బెంచీకి మొత్తం ఆనుకుని కూర్చునే ధైర్యం ఆమెకు చాలా రోజుల వరకు రాలేదు.

గఫూర్ సారు వెంటనే రాయనివ్వలేదు. ముందు ఏజెంటుకు ఫోన్ చేసి, రమ్మని కబురు పెట్టారు. ఆ ఏజెంటు ఆయన వీధివాడే. చిన్నప్పటి నుంచి ఆయనను మామా అని పిలిచేవాడు. ఆ పిలుపు అడ్డు వస్తుందేమోనని నేను లోపల భయపడ్డాను. కొన్ని రోజులకు ఒక మధ్యాహ్నం అతను వచ్చాడు. ఆ రోజు ఓబులమ్మ కూడా వచ్చి బెంచీ మీద ఉంది. అతను ఆమె వైపు చూడకుండా నేరుగా సారు దగ్గరికి పోయాడు.

"ఏంది మామా, ఈ మాత్రానికి పేపరు దాకా యాల? ఆ పాప ఆడ బాగానే ఉండాది. ఫోను చెడిపోయింటాది. మనోళ్లే మన మీద రాసుకుంటే బాగుంటాదా?"

గఫూర్ సారు కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. "నాకు చెప్పొద్దప్పా. ఆమెకు చెప్పు. అదో, ఆమె పక్కన కూసోని చెప్పు" అన్నారు.

ఆ గదిలో వచ్చినవాళ్లు కూర్చోడానికి ఇంకో చోటు లేదు. అతను బెంచీ మీద ఓబులమ్మ పక్కన కూర్చోవలసి వచ్చింది. కింద అంగట్లో గుడ్డ చింపుతున్న చప్పుడు పైకి వినపడుతోంది. ఓబులమ్మ అతన్ని తిడుతుందనుకున్నాను. ఆమె తిట్టలేదు.

"నాయనా, నువ్వు మా ఇంటికాడికి వచ్చినప్పుడు మజ్జిగ అడిగి తాగినావు. ఎండన పడి వచ్చినావని నా బిడ్డే తెచ్చిచ్చె. దాన్ని నువ్వు చెల్లీ అన్నావు. అది బతికుండాదో లేదో, అంత మటుకు చెప్పు. ఇంగేం అడగను" అంది.

అతను తల వంచుకున్నాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, అక్కడే కూర్చుని ఎవరికో చేశాడు. ఉర్దూలో మాట్లాడాడు. మాట్లాడేకొద్దీ అతని గొంతు మారిపోయింది. ఫోన్ పెట్టేశాక ఉన్న మాట చెప్పాడు. లక్ష్మీదేవిని మొదటి ఇంటివాళ్లు వేరే ఇంటికి పంపేశారు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. ఆమె ఇప్పుడు ఏ ఇంట్లో ఉందో అతనికి నిజంగానే తెలియదు. తెలియకపోవడం దాచడానికే ఇన్నాళ్లూ మొహం చాటేశాడు. మొదటి ఇంటి చిరునామా మాత్రం తీసి ఇచ్చాడు.

అప్పుడు రాశాం. రాసిన ప్రతి వాక్యం నేను ఓబులమ్మకు చదివి వినిపించాను. "బిడ్డ పేరు రాయమంటావా? ఊరి పేరు రాయమంటావా?" అని గఫూర్ సారు ఒక్కొక్కటీ నా చేత ఆమెను అడిగించారు. వార్త వచ్చాక అధికారులు కదిలారు. కువైట్‌లో ఉన్న మన జిల్లావాళ్లు కొందరు సొంతంగా వెతికి, చివరికి ఆమెను కనుక్కుని తల్లికి ఫోన్ కలిపారు. ఈలోపు గఫూర్ సారు వీధిలో మాటలు పుట్టాయి. ఆ ఏజెంటు బంధువులు చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. శుక్రవారం నమాజు అయ్యాక ఇంతకు ముందులా ఎవరూ ఆగి పలకరించడం లేదని ఆయన భార్య మాతో చెప్పింది. ఆయన మాత్రం ఆ సంగతి ఆఫీసులో ఎత్తలేదు.

పెద్దముడియం పొలాల్లో శనగ కోతలు అయిపోయాక ఒక పొద్దున మెట్ల మీద ఇద్దరి అడుగుల చప్పుడు వినపడింది. ముందు ఓబులమ్మ, వెనక చిక్కి సగమైన ఒక పిల్ల. ఆ పిల్ల లోపలికి వచ్చి, మమ్మల్ని ఎవరినీ చూడకుండా, గోడవార చూసింది.

"మా అమ్మ ఫోన్లో చెప్పిన బెంచీ ఇదేనా?" అని అడిగింది. కూర్చుని అరచేత్తో ఆ చెక్కను తడిమింది. శివశంకర్ లేచి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. అతని వెటకారం ఆ రోజంతా వినపడలేదు.

వాళ్లు వెళ్లాక గఫూర్ సారు నాతో అన్న మాట ఇది. "ఫోన్లో అయ్యింటే వాడు ఇంగా అబద్ధం చెప్తానే ఉండేవోడు. మనిషి పక్కన మనిషిని కూసోబెట్టేదానికి ఒక తావు కావాలమ్మా. మనకు ఉండేది ఆ తావే. రాసేది తర్వాత."

ఆ తావు పోయింది. కరోనా మొదలైనప్పుడు అందరినీ ఇంటి నుంచి పని చేయమన్నారు. కరోనా తగ్గింది గానీ ఆఫీసు మళ్లీ తెరుచుకోలేదు. ఫోన్లతోనే పని జరిగిపోతున్నప్పుడు గది ఎందుకన్నారు. అది మా ఒక్క పత్రికలోనే జరిగింది కాదు, ఎవరినీ తప్పు పట్టలేను. సామాను దించే రోజు నేను వెళ్లాను. మెట్లు ఇరుకు కాబట్టి టేబుళ్ల కాళ్లు విప్పి దించారు. గఫూర్ సారుకు అదే ఏడాది విరమణ. ఆయన కిటికీ దగ్గర నిలబడి, పనివాళ్లతో "గోడకు తగలకుండా పట్టుకోండప్పా" అంటూనే ఉన్నారు. ఆ గోడతో ఇక మాకు పని లేదని ఆయనకు గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బెంచీని కింది అంగడి శెట్టి గారు తమ వాకిట్లో వేసుకుంటానని అడిగి తీసుకున్నారు.

తర్వాత మా ఆయన ఉద్యోగం కోసం మేము పులివెందులకు మారాం. నేను అదే పత్రికకు ఇక్కడి నుంచి పని చేస్తున్నాను. వంటింటి పక్క భోజనాల బల్ల మీద కూర్చుంటాను. వాట్సాప్‌లో ప్రెస్ నోట్లు వస్తాయి, ఫోటోలు వస్తాయి. చూడని సభ గురించి, వినని ఉపన్యాసం గురించి కుక్కర్ విజిల్ వచ్చేలోపు రాసి పంపేస్తాను. పాత అలవాటు కొద్దీ రాసింది పైకి చదువుకుంటే, "ఎవరితో మాట్లాడతాండావు?" అని మా అమ్మాయి లోపలి నుంచి అడుగుతుంది. పక్కింటావిడ మంచిదే. "నువ్వు ఇంట్లోనే ఉంటావు కదక్కా, మా గ్యాస్ బండ వస్తే తీసుకో" అని తాళంచెవి ఇచ్చి పోతుంది. తీసుకుంటాను. కాదనడానికి నా దగ్గర కారణమేదీ లేదు. ఒక వార్త మధ్యలో లేచి గ్యాస్ బండ దించుకుని, మళ్లీ వచ్చి కూర్చుంటే, రాస్తున్న ఆ మనిషి ఎక్కడికి పోయిందో వెతుక్కోవలసి వస్తుంది. నా పేరుతోనే వార్తలు వస్తున్నాయి. మునుపటి కంటే ఎక్కువే వస్తున్నాయి. కానీ ఊళ్లో నన్ను విలేకరి అని ఎవరూ చూడరు. నాకూ నేను అలా కనపడడం మానేశాను.

అలాంటి రోజుల్లో ఒక పెళ్లికి ప్రొద్దుటూరు వెళ్లి, ఊరికే ఆ సందులోకి నడిచాను. బట్టల అంగడి వాకిట్లో, ఆ బెంచీ మీద, తెల్ల చొక్కాలో గఫూర్ సారు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చారు.

"ఈడేం చేస్తాండారు సార్?"

"ఏముందమ్మా. బీగం ఏసినారని జనాలకు తెల్దు కదా. మోకాళ్ల నొప్పులతో పైదాకా ఎక్కి, బీగం చూసి, దిగి పోతాండారు. నేను ఈడ కూసుంటే మెట్లెక్కే బాధన్నా తప్పుతాది."

ఆయన రోజూ పొద్దున వచ్చి కూర్చుంటున్నారని శెట్టి గారు చెప్పారు. వచ్చినవాళ్ల మాట విని, ఏ ఆఫీసుకు పోవాలో చెబుతారు. రాయదగ్గ విషయమైతే శివశంకర్‌కు ఫోన్ చేసి ఆ సంగతి అందిస్తారు. ఆయనకు పత్రికతో ఇప్పుడు ఏ సంబంధమూ లేదు. అడిగితే, "నాకు పత్రిక లేదు కానీ వాళ్లకు కష్టం ఉండాది కదా" అన్నారు. మేము మాట్లాడుతుండగానే పొట్లదుర్తి వైపు నుంచి ఒక ముసలాయన వచ్చి మెట్ల వైపు తిరిగాడు. "పెద్దాయనా, ఇట్లా రా" అని పిలిచి, కళ్లద్దాలు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. నేను ఆయన పక్కన కూర్చుని విన్నాను. ఎన్నో నెలల తర్వాత ఆ కాసేపూ నేను మళ్లీ నాలా ఉన్నాను.

అదే ఆయనను ఆఖరుసారి చూడడం. ఆ మరుసటి ఏడు ఆయన గుండె ఆగిపోయిందని శివశంకర్ ఫోన్ చేశాడు. వెళ్లేసరికి ఇంటి ముందు సందంతా జనం. చాలామంది ఎవరికీ తెలియనివాళ్లు. బంధువులు కాదు, ఆ వీధివాళ్లు కాదు. దూరపు ఊళ్ల నుంచి వచ్చి, చెప్పులు చేత పట్టుకుని గోడవార నిలబడ్డారు. వాళ్లలో ఆడవాళ్లు ఖబరస్తానుకు వెళ్లరు కాబట్టి నేనూ గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, "వీళ్లంతా ఎవరమ్మా?" అని అడిగింది. "ఆఫీసుకు వచ్చినవాళ్లమ్మా" అన్నాను.

పులివెందులకు తిరిగి వచ్చాక చాలా రోజులు ఆ బల్ల దగ్గర కూర్చోలేకపోయాను. తర్వాత ఒక సోమవారం, తహసీల్దారు ఆఫీసులో అర్జీలు తీసుకునే రోజున, ఎదురుగా ఉన్న జెరాక్స్ అంగడికి వెళ్లాను. దాన్ని నడిపే మాబున్నీకి నాకంటే చిన్న వయసు. కాగితాలు పట్టుకుని జనం నిలబడేది ఆమె ముందరే. వారానికి ఒక పొద్దున మీ అంగట్లో ఒక కుర్చీ వేసుకోనిస్తావా అని అడిగాను. ఏం అమ్ముతావని అడిగింది. ఏమీ అమ్మను, వింటానంటే వింతగా చూసి, స్టూలు మీది కాగితాల కట్ట తీసి కింద పెట్టింది. మొదటి వారాలు ఎవరూ రాలేదు. నేను జెరాక్స్ కాగితాలు అందిస్తూ కూర్చున్నాను. తర్వాత దగ్గరి పల్లెలోని పుట్టింటి పొలం గురించి ఒకామె తన అర్జీ చదివి పెట్టమంది. చదివాక, కాగితంలో రాయని సంగతి చెప్పడం మొదలుపెట్టింది. అలా ఒకరి వెంట ఒకరు రాసాగారు. ఈ మధ్య నేను రాసినవాటిలో మనుషుల పేర్లున్నవన్నీ ఆ స్టూలు మీద కూర్చుని విన్నవే.

నిన్న సోమవారం నేను వెళ్లేసరికి అంగడి అద్దానికి ఒక తెల్ల కాగితం అంటించి ఉంది. నేను అడగకుండానే మాబున్నీ కంప్యూటర్‌లో పెద్ద అక్షరాలతో కొట్టి తీసింది. "విలేఖరి మేడం సోమవారం ఇక్కడ ఉంటారు" అని. క బదులు ఖ పడింది. దిద్దుదామని సంచిలోంచి పెన్ను తీశాను.

"బాగుండాదా అక్కా?" అని లోపలి నుంచి అడిగింది మాబున్నీ.

"శానా బాగుండాది" అన్నాను. పెన్ను లోపల పెట్టేసి వెళ్లి కూర్చున్నాను. అప్పటికే ఇద్దరు వచ్చి ఉన్నారు.